కొబ్బరి డొక్కల కషాయం తుప్పును ఆపుతుందా? ఏరేటర్ల షెడ్డు నడిపే ఒకాయన ప్రశ్నకు జవాబు

అమలాపురం దగ్గర రొయ్యల చెరువుల్లో చక్రాలు తిప్పి నీటిలో గాలి కలిపే ఏరేటర్లకు ఫ్రేములు, తూములకు తలుపులు చేసే షెడ్డు నడుపుతున్న ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. కొబ్బరి డొక్కలు, అరటి తొక్కలు ఊరికే దొరుకుతున్నాయి. వాటి కషాయం ఇనుము తుప్పును 90 శాతానికి పైగా ఆపుతుందని పరిశోధన వ్యాసాల్లో ఉంది. ఆ కషాయాన్ని మైల్డ్ స్టీల్ ఫ్రేములకు పూసి చెరువులో దింపొచ్చా? తుప్పు వదిలించడానికి ఇనుమును ముంచే యాసిడ్ తొట్టిలో కలిపితే ఉపయోగమా?

యాసిడ్ తొట్టిలో కలిపితే ఉపయోగమేనండి. పూసి చెరువులో దింపడం మాత్రం వద్దు. మీరు అడగని మూడో ఉపయోగం ఒకటుంది, ఇప్పటికే తుప్పు పట్టిన ఇనుముకు ప్రైమర్ వేసే ముందు పూయడం. ఉప్పుగాలి తగిలే మన ఊళ్లకు అన్నిటికన్నా అక్కరకొచ్చేది అదే. నేను నీటిశుద్ధి, తుప్పు నివారణ పనుల్లో చాలా ఏళ్లు ఉన్నవాణ్ని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మొక్కల్లోని పదార్థం ఇనుముతో కలుస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పచ్చి అరటికాయ తరిగితే కత్తిపీట నల్లబడుతుంది. కరక్కాయ కషాయంలో అన్నభేది (ఇనుప లవణం) వేసి పూర్వం సిరా చేసుకునేవారు. కలంకారీ అద్దకంలో నలుపు వచ్చేదీ కరక్కాయతో నానబెట్టిన బట్ట మీద ఇనుము నీళ్లు పడినప్పుడే. వీటన్నిటిలో పనిచేసేది టానిన్, అంటే నాలుకకు వగరుగా తగిలే పదార్థం. ఇనుము అయాన్లతో కలిసి అది నీటిలో కరగని నల్లని సమ్మేళనం అవుతుంది. దాని పేరు ఫెర్రిక్ టానేట్. తుప్పు మీద పూతగా టానిన్ పనిచేసే తీరు ఇదే.

యాసిడ్ తొట్టిలో జరిగేది వేరు. గాఢమైన ఆమ్లంలో ఆ నల్లని సమ్మేళనం నిలవదు. అక్కడ రక్షణ ఇచ్చేది అధిశోషణం, అంటే అణువులు లోహపు ఉపరితలానికి అంటుకుని కూర్చోవడం. ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి ద్రావణంలోకి దిగిపోతుంటుంది, ఆ ఎలక్ట్రాన్లను హైడ్రోజన్ అయాన్లు తీసుకుని బుడగలుగా పైకి లేస్తుంటాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో క్లోరైడ్ అయాన్లు ముందుగా ఇనుము మీద చేరతాయి. మొక్కల అణువుల్లోని ఆక్సిజన్, నైట్రోజన్ ఉన్న భాగాలు ఆమ్లంలో ధనావేశం పొంది ఆ క్లోరైడ్ల మీదికి ఆకర్షితమవుతాయి. అలా ఉపరితలం కప్పబడిన కొద్దీ ఇనుము కరగడమూ, బుడగలు రావడమూ రెండూ తగ్గుతాయి. ఈ పట్టు అంత గట్టిది కాదు, వేడి పెరిగితే అణువులు ఊడిపోతాయి. 30 డిగ్రీల దగ్గర బాగా పనిచేసిన కషాయం 60 డిగ్రీల దగ్గర చతికిలబడటం చాలా సందర్భాల్లో కనిపించేదే. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ బావుల్లోకి ఆమ్లం పంపేటప్పుడు ఇలాంటి మొక్కల సారాలు వాడొచ్చా అని కొందరు అడుగుతుంటారు. బావి లోతుల్లో వేడి 100 డిగ్రీలు దాటుతుంది. అక్కడ వాడే రసాయనాలు విషపూరితమైనవే, వాటికి బదులు రావాలని నాకూ ఉంది. కానీ వడకట్టిన కషాయంతో అయ్యే పని కాదది.

ఇక ఆ 90 శాతం సంగతి. మీరు చదివిన వ్యాసాల్లో ఎక్కువ భాగం పరీక్షలు పలచటి హైడ్రోక్లోరిక్ లేదా సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, మెరుగుపెట్టిన చిన్న ఇనుప ముక్కల మీద, కొన్ని గంటలపాటు చేసినవి. శాతం అంటే కషాయం లేనప్పుడు పోయిన ఇనుముతో పోల్చి చెప్పే లెక్క. లెక్క కోసం 5 సెంటీమీటర్ల పొడవు, 2.5 సెంటీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క తీసుకుందాం. దాని మొత్తం ఉపరితలం 28 చదరపు సెంటీమీటర్లు. ఉత్త ఆమ్లంలో 6 గంటల్లో 250 మిల్లీగ్రాములు, కషాయం కలిపిన ఆమ్లంలో 30 మిల్లీగ్రాములు పోయాయనుకోండి. సామర్థ్యం 88 శాతం వస్తుంది. వినడానికి గొప్పగా ఉంది. ఆ మిగిలిన 30 మిల్లీగ్రాములను సంవత్సరం లెక్కలోకి మారిస్తే ఒక్కో పక్క నుంచి 2 మిల్లీమీటర్లు. ఆ ముక్క అదే ద్రావణంలో ఉంటే రెండు పక్కలా అరిగి ఆరు నెలలకు మిగలదు. యాసిడ్ తొట్టిలో ముక్క రెండు గంటలు మాత్రమే ఉంటుంది గనక అక్కడ పోయేది అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కషాయం లేకపోతే దాదాపు 4 మైక్రాన్లు పోయేది. అందుకే గంటల పనికి ఈ శాతం చాలు. ఏళ్లపాటు నిలవాల్సిన ఫ్రేముకు ఈ శాతం చూసి ధైర్యపడటానికి లేదు.

చెరువులో అయితే పరిస్థితి మొత్తం వేరు. రొయ్యల చెరువు నీళ్ల పీహెచ్ సాధారణంగా 7.5 నుంచి 8.5 మధ్య ఉంటుంది. అక్కడ ఎలక్ట్రాన్లను లాక్కునేది హైడ్రోజన్ అయాన్లు కావు, నీటిలో కరిగిన ఆక్సిజన్. ఏరేటర్ పెట్టేదే ఆ ఆక్సిజన్ పెంచడానికి! పైగా ఉప్పునీళ్లు. చక్రం తిరిగే చోట ఫ్రేము తడిసి ఆరి, మళ్లీ తడిసి ఆరుతూ ఉంటుంది. ఆరిన ప్రతిసారీ ఉప్పు చిక్కబడుతుంది. నీటి అడుగున ఉన్న భాగం కన్నా చిందులు పడే భాగమే ముందు పోవడానికి కారణం ఇది. మీ షెడ్డుకు బాగుచేయడానికి వచ్చే ఫ్రేముల్లో మీరు చూసే ఉంటారు. ఆమ్లం కోసం తయారైన పొర ఈ పోరులో నిలబడదు. ఆపైన కషాయంలోకి నీటితో వచ్చిన పదార్థం నీటితోనే పోతుంది. అరటి తొక్కల కషాయంలో చక్కెరలు కూడా ఉంటాయి. రెండు మూడు రోజుల్లో పులుస్తుంది, చెరువు అడుగు బురదలో ఉండే బాక్టీరియాకు మేత అవుతుంది. ఆ నల్లబురదలో సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చే బాక్టీరియా ఇనుమును తినేసే రకమే. వాటిని మనమే మేపినట్టవుతుంది.

కొబ్బరి గురించి ఒక విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే కోనసీమలో అందరి చూపూ ముందు దాని మీదే పడుతుంది. అంబాజీపేట, రాజోలు వైపు డొక్కల గుట్టలు చూస్తే ఎవరికైనా ఇదే ఆలోచన వస్తుంది. డొక్క నానేసిన గుంటలో నీళ్లు ఎర్రటి డికాషన్‌లా మారేది అందులోని ఫినాలిక్ పదార్థాల వల్లే. కొబ్బరి పొట్టు సారం ఆమ్లంలో ఇనుమును కాపాడుతుందని చూపిన ప్రయోగాలూ ఉన్నాయి. అయితే డొక్కలో పొటాషియం, సోడియం, క్లోరైడ్ లవణాలు కూడా పుష్కలం. కోకోపీట్‌ను మొక్కలకు వాడే ముందు మంచినీళ్లతో కడిగి ఉప్పు తీస్తారు, కడియం నర్సరీల వాళ్లను అడిగితే చెబుతారు. ఉప్పుటేరు నీళ్లలో నానబెట్టిన డొక్కలైతే ఇక చెప్పక్కర్లేదు. ఆ కషాయం ఇనుముకు పూయడమంటే టానిన్‌తోపాటు క్లోరైడ్‌నూ పూయడమే. హైడ్రోక్లోరిక్ ఆమ్లపు తొట్టిలో అప్పటికే క్లోరైడ్ నిండా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ అదనపు ఉప్పుతో పెద్ద తేడా రాదు. తుప్పు మీది పూతకు మాత్రం కొబ్బరి డొక్క కషాయం వాడకండి. కడిగి వాడదామంటే ఉప్పుతోపాటు తేలిగ్గా కరిగే టానిన్ కూడా కొంత కొట్టుకుపోతుంది.

పూతకు నేను చెప్పేది మామిడి జీడి. ఆవకాయ ముక్కలు కొట్టేటప్పుడు తీసి పారేసే జీడే. ఆత్రేయపురం వైపు తాండ్ర చేసే ఇళ్ల దగ్గర వేసవిలో టెంకలు కుప్పలు పడుంటాయి. జీడిలో గాలోటానిన్లు ఉంటాయి. మార్కెట్లో అమ్మే టానిక్ ఆమ్లం కూడా ఈ కుటుంబానిదే. చిక్కు ఏమిటంటే జీడిలో సగానికి సగం పిండిపదార్థం, కొంత కొవ్వు ఉంటాయి. మరిగిస్తే గంజి అయి కూర్చుంటుంది, గుడ్డలోంచి దిగదు. అందుకని ఎండబెట్టి, పొడి కొట్టి, చెయ్యి పట్టగలిగేంత గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. తెల్లారి పైన తేరిన నీటిని కదపకుండా వంపి, దట్టమైన గుడ్డలో వడకట్టాలి. పైన జిడ్డు తేలితే తీసేయాలి. ఈ పనికి ఇనుప పాత్ర, ఇనుప గరిటె పనికిరావు. ప్లాస్టిక్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి, లేకపోతే టానిన్ అంతా పాత్రకే ఖర్చయిపోతుంది.

పూసే ముందు పని పూత కన్నా ముఖ్యం. రేకులుగా లేచిన తుప్పును వైర్ బ్రష్‌తో పూర్తిగా గీకండి. తర్వాత మంచినీళ్లతో కడగండి, ఒకసారి కడిగి ఊరుకోకుండా రెండు మూడుసార్లు. తీరం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడిగిన ఫలితం లేదు. కాలువ నీళ్లు మేలు. మామిడికాయల కాలంలోనే కాలువలు కట్టేస్తారు గనక అప్పుడు ఆర్వో ప్లాంటు నీళ్లయినా కొనుక్కోండి. టానిన్ తుప్పును మారుస్తుంది, తుప్పు కింద దాక్కున్న క్లోరైడ్‌ను తీయలేదు. అది మిగిలిపోతే పైన ఎంత మంచి పెయింటు వేసినా కింద నుంచి పొక్కులు లేస్తాయి. కడిగి ఆరబెట్టాక పలచగా, గట్టిగా అంటుకుని ఉన్న తుప్పు మాత్రమే మిగలాలి. దాని మీద సారం బ్రష్‌తో రాస్తే గంటల్లో ఊదా నలుపుకు తిరుగుతుంది. ఒక రోజు ఆగి, నల్లబడని చోట మరోసారి రాయండి. మిగిలిన సారాన్ని తడిగుడ్డతో తుడిచి ఆరాక ప్రైమర్ వేసేయండి. ఆలస్యం చేయకండి. తుప్పును ఇలా మార్చడానికి బజారులో దొరికే చాలా రస్ట్ కన్వర్టర్లలో టానిక్ ఆమ్లంతోపాటు ఫాస్ఫారిక్ ఆమ్లం కూడా ఉంటుంది, కొద్దిగా ఆమ్లత్వం ఉంటేనే ఈ చర్య చురుగ్గా సాగుతుంది. మీరు చేసిన సారం నలుపు ఇవ్వడానికి బద్ధకిస్తే కొంచెం ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి చూడండి. నలుపు రావడం అంటే చర్య జరిగిందని మాత్రమే అర్థం. ఆ నల్లని పొర ఒక్కటే ఉప్పుగాలికి ఆగదు, పైన పెయింటు ఉండాల్సిందే.

మెరిసే కొత్త ఇనుము మీద ఇది పూయడం వృథా. మార్చడానికి అక్కడ తుప్పు ఉండాలి కదా.

యాసిడ్ తొట్టి విషయానికి వస్తే, చేతి అలవాటు మీద చేసే పని కాదు, ముందు కొలత కావాలి. ఆమ్లం పని తుప్పును, తయారీలో వేడికి ఇనుము మీద ఏర్పడే నల్లని పొర అయిన మిల్ స్కేల్‌ను కరిగించడం. ముక్కంతా ఒకేసారి శుభ్రం కాదు. ముందు శుభ్రపడిన చోట ఆమ్లం అసలు ఇనుమును తింటుంది, హైడ్రోజన్ పుట్టి గట్టి స్టీలులోకి దూరి పెళుసు చేస్తుంది, ఆమ్లం వృథా అవుతుంది, బుడగలతోపాటు ఆవిర్లు షెడ్డంతా కమ్ముతాయి. నిరోధకం, అంటే ఆమ్లం ఇనుమును తినకుండా ఆపే పదార్థం, వేస్తే ఇవన్నీ తగ్గుతాయి. మీ పనివాళ్ల ఊపిరితిత్తుల కోసమైనా వేయాలనే అంటాను. ఇక్కడ కొబ్బరి పొట్టు సారం, జీడిపప్పు మీది ఎర్ర పొట్టు సారం, దానిమ్మ తొక్క సారం, వాడేసిన టీ పొడి సారం, ఏదైనా పరీక్షకు అర్హమే.

పరీక్ష ఇలా పెట్టుకోండి. ఎండిన పొడి 50 గ్రాములు లీటరు నీళ్లలో గంటసేపు సన్నని సెగ మీద కాచి వడకట్టండి. పిండి లేని పదార్థాలకే ఈ కాచడం, మామిడి జీడికి కాదు. అందులో 100 మిల్లీలీటర్లు కొలిచి పూర్తిగా ఇగరబెట్టి మిగిలిన ఘనపదార్థం తూచండి. దీంతో లీటరు కషాయంలో ఎన్ని గ్రాముల సారం ఉందో తేలుతుంది. ప్రయోగాలన్నిటిలో మోతాదు చెప్పేది ఈ ఘనపదార్థం లెక్కలోనే గనక "ఒక చెంబు కషాయం" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. లీటరు ఆమ్లానికి 0.25, 0.5, 1, 2 గ్రాముల చొప్పున నాలుగు సీసాలు, సారం వేయనిది ఒకటి. ఒక్కో సీసాలో మూడేసి ముక్కలు వేలాడదీయండి, ఒకదానికొకటి తగలకూడదు. ఆమ్లం గాఢత మీ తొట్టిలో వాడేదే ఉండాలి, వ్యాసంలో వాడినది కాదు. పలచన చేసేటప్పుడు నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. మిల్లీగ్రాము దాకా చూపే తూకం బంగారు కొట్లలో ఉంటుంది, తెలిసినవాళ్లని అడిగితే తూచిపెడతారు.

6 గంటల తర్వాత తీసి, కడిగి, మెత్తని బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి తూచండి. తగ్గిన బరువును మిల్లీగ్రాముల్లో తీసుకుని 87.6తో హెచ్చించండి. ఆ వచ్చినదాన్ని సాంద్రత (ఇనుముకు 7.86), చదరపు సెంటీమీటర్లలో వైశాల్యం, గంటలు, ఈ మూడింటి లబ్ధంతో భాగిస్తే సంవత్సరానికి ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. పైన నేను వేసిన లెక్క దీనితోనే. ఈ సంఖ్యను శాతం పక్కన ఎప్పుడూ రాసుకోండి.

ఇంకో పరీక్ష కూడా చేయాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. తుప్పు పట్టిన ముక్కను సారం కలిపిన ఆమ్లంలో, ఉత్త ఆమ్లంలో పక్కపక్కన వేసి రెండూ ఎంతసేపటికి శుభ్రపడతాయో చూడండి. ఇనుమును కాపాడుతూనే తుప్పు కరిగే వేగాన్ని కూడా సగం చేసే సారమైతే మీకు గిట్టదు. తొట్టి పాతబడిన కొద్దీ కథ మారుతుంది. కరిగిన తుప్పు నుంచి ఫెర్రిక్ అయాన్లు పోగవుతాయి, అవి తమంతట తామే ఇనుమును తింటాయి. ఈ దాడిని మొక్కల సారాలు పెద్దగా ఆపలేవు. కాబట్టి కొత్త ఆమ్లంలో వచ్చిన ఫలితాన్ని నమ్మి ఊరుకోకుండా, వారం వాడిన తొట్టి ఆమ్లంతో కూడా ఒకసారి చేయండి. పైగా తొట్టిలోంచి తీసిన ముక్కను బాగా కడగకపోతే సారం పొర మిగిలి గాల్వనైజింగ్‌కూ పెయింటుకూ అడ్డొస్తుంది.

ఫ్రేములను చెరువులో నిలబెట్టే సంగతిలో కూడా ఆహార వ్యర్థానిదే పెద్ద చెయ్యి ఉందని చెబితే మీకు సంతోషంగా ఉంటుంది. మోరి వైపు జీడిపప్పు ఒలిచాక మిగిలే పెంకుల్లో జీడినూనె బరువులో దాదాపు పావు వంతు దాకా ఉంటుంది. దాన్ని వేడిచేసి శుద్ధి చేస్తే కార్డనాల్ వస్తుంది. కార్డనాల్‌ను ఫార్మాల్డిహైడ్, అమీన్లతో కలిపి ఫినాల్కమీన్ అనే హార్డెనర్ (పెయింటును గట్టిపరిచే ద్రవం) తయారుచేస్తారు. ఎపాక్సీ పెయింటులో రెండో డబ్బాగా వచ్చేది ఈ రకం కావచ్చు. ఓడలకు వేసే పెయింట్లలో దీన్ని విరివిగా వాడతారు. కారణం, ఉపరితలం కాస్త చెమ్మగా ఉన్నా గట్టిపడుతుంది, పొడవాటి నూనె గొలుసు ఉండటంవల్ల నీళ్లను దరి చేరనివ్వదు. మన వాన నెలల్లో, గాలిలో తేమ దిగని రోజుల్లో దీని విలువ తెలుస్తుంది. పెయింటు కొట్లో ఎపాక్సీ కొనేటప్పుడు హార్డెనర్ ఫినాల్కమీనా అని అడగండి. పచ్చి జీడినూనెను నేరుగా పూయాలనుకోకండి. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మాన్ని కాల్చి పుండ్లు చేస్తాయి. జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు చూసినవారికి ఈ మాట ఇంకోసారి చెప్పక్కర్లేదు.

మొక్కది కాబట్టి హాని లేదు అనే మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. చెరువులో అక్కరలేని చేపల్ని చంపడానికి వేసే టీ సీడ్ కేక్ కూడా మొక్కదే కదండీ. చిక్కటి టానిన్ నీళ్లు ఒకేసారి చెరువులోకో కాలువలోకో పోస్తే కుళ్లే క్రమంలో ఆక్సిజన్ లాగేస్తాయి. డొక్కలు నానే గుంటల్లో చేపలు బతకకపోవడం మీరు ఎరిగిందే.

ఇనుప ఫ్రేములకు నా సలహా: కొత్తవైతే హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింక్‌లో ముంచి పూత వేయడం), దానిమీద ఎపాక్సీ. పాతవైతే గీకి, కడిగి, టానిన్ పూత, జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, రెండు పొరల ఎపాక్సీ. నీళ్లలో మునిగే భాగానికి జింక్ ముక్క బోల్టు వేస్తే ఇనుముకు బదులు అది కరుగుతుంది. బోల్టుల దగ్గర, వెల్డింగ్ అతుకుల దగ్గర బ్రష్‌తో అదనపు పొర తప్పనిసరి, పోయేది అక్కడి నుంచే. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు ఉప్పు ఎక్కువైన చెరువుల్లో గుంటలు పడతాయి, ఏ కషాయమూ దాన్ని ఆపదు. 316 రకం కొంత మేలు.

రెండు పనులు మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఇంటి కాంక్రీటులో చువ్వలు తుప్పు పట్టకుండా కషాయం కలపడం ఒకటి. చక్కెర చాలా కొద్దిగా కలిసినా సిమెంటు గట్టిపడటం బాగా ఆలస్యమవుతుంది, ఆగిపోనూ వచ్చు. రైస్ మిల్లు బాయిలర్‌లో ఇంటి కషాయం పోయడం రెండోది. బాయిలర్ నీళ్లలో టానిన్ వాడటం ఆవిరి రైళ్ల నాటి నుంచీ ఉన్నదే, కానీ అది శుద్ధి చేసి, కొలిచి, రోజూ నీటి పరీక్షతో వాడే సరుకు. వడకట్టిన కషాయం నురగ లేచి ఆవిరితోపాటు పైపుల్లోకి పోతుంది. ఒత్తిడి ఉన్న పాత్రతో ప్రయోగాలు చేయకూడదు.

మొదలు పెట్టడానికి మీకు కావలసింది ఒక్క షీటు ముక్కలు, ఐదు సీసాలు, ఒక రోజు. యాసిడ్ పరీక్ష ముందు చేయండి, ఖర్చు తక్కువ, ఫలితం అదే సాయంత్రం తెలుస్తుంది. వాడిన ఆమ్లాన్ని సున్నంతో నెమ్మదిగా తటస్థం చేసి, పీహెచ్ కాగితం 7 దగ్గర చూపాక, అడుగున దిగిన ఇనుము బురదను విడిగా తీసి ఆరబెట్టండి. పంట కాలువలోకి వదలొద్దు. ఫలితాలు పంపేటప్పుడు ఏ పదార్థం, లీటరుకు ఎన్ని గ్రాముల సారం, ఆమ్లం గాఢత, ద్రావణం వేడి, ఎన్ని గంటలు, ఒక్కో ముక్కకు తగ్గిన బరువు, ఇవన్నీ రాయండి. మూడు ముక్కల బరువులూ విడివిడిగా కావాలి, సగటు ఒక్కటే వద్దు. వాటిమధ్య తేడా చూస్తేనే ఫలితాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పగలను.